సుపేలా రిపోర్టు

"రోజుకి ఎంతమంది వస్తారు బాబాయ్?" ట్యాబ్ మీద వేలు పెట్టి అడిగింది ఛాయ.

"మూడొందలకి తక్కువుండదు తల్లీ. ఆదివారమైతే నిలబడ్డానికి చోటుండదు. రాసుకో," అన్నాడు గోపాలం.

ఛాయకు లోపల చివుక్కుమంది. కిరాణా కొట్టులో సగం అరలు ఖాళీగా ఉన్నాయి. ఈ అమాయకుడు తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడు!

"బాబాయ్, ఈ సర్వే ఎందుకో తెలుసా? మా ఢిల్లీ కంపెనీ ఈ సుపేలా బజారులో పెద్ద సూపర్‌మార్కెట్ పెడదామనుకుంటోంది. ఇక్కడ బేరాలు బాగున్నాయని తేలితేనే వస్తారు."

"తెలుసమ్మా. బజారంతా అదే గోల కదా."

"మరి కాస్త తగ్గించి చెప్పొచ్చుగా?"

"వొద్దొద్దు! ఉన్నదున్నట్టు రాసీ. నువ్వేటి రాస్తే అదే జరుగుద్ది. అంతా నీ చేతిలోనే ఉంది." గోపాలం రెండు చేతులూ జోడించాడు. తండ్రి వయసు మనిషి అలా దండం పెడుతుంటే ఛాయ ప్రాణం చచ్చిపోయింది.

సెక్టర్ సిక్స్ క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఛాయ నాన్న స్టీలు ప్లాంటు డ్యూటీ దిగి, సైకిలు మీద ఆమెను ఈ కొట్టుకే తీసుకొచ్చేవాడు. శ్రీకాకుళం నుంచి తెప్పించిన తాటితాండ్ర ముక్క ఆ పిల్ల చేతిలో పెట్టకుండా గోపాలం ఏనాడూ పంపలేదు. అలాంటి మనిషి కొట్టు మూతపడే కాగితం తన చేత్తో రాయాలా? ఛీ, ఏం ఉద్యోగం!

మూల స్టూలు మీద కూర్చుని గోపాలం భార్య అరుణకుమారి ఆయాసపడుతోంది.

"పిన్నికి ఏమైంది?"

"గుండెకి ఆపరేషన్ చెయ్యాలంట. రాయపూర్‌లో. ముందు నీ రిపోర్టు తేలనీ, తరవాత చూద్దాం. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను."

"జ్యాదా సోచో మత్ బాబాయ్, ఎక్కువ ఆలోచించకండి," అని గబగబా బయటపడింది ఛాయ. ఇంకో నిమిషం ఉంటే అక్కడే ఏడ్చేసేది.

మర్నాడు పొద్దున్నే స్మృతి నగర్‌లోని తన గదిలో రిపోర్టు ముందేసుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే సుపేలా బంగారు గని. బస్సులూ ఆటోలూ దించే జనం, కోచింగ్ పిల్లలు, పది రూపాయల ప్యాకెట్లు ఏ రోజుకారోజు కొనుక్కునే కాంట్రాక్టు కూలీల కుటుంబాలు. అందరికీ ఇప్పుడు అన్నీ ఒక్కచోటే దొరకాలి. ఇంతకు ముందు రెండు ఊళ్ళ గురించి ఆ మాటే రాసింది. ఆ రెండు ఊళ్ళలోనూ ఏడాది తిరక్కుండా చుట్టుపక్కల చిన్న కొట్లు మూతపడ్డాయి. కొట్టే పోతే పిన్ని ఆపరేషన్‌కి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది?

కంపెనీ స్థలం ఎక్కడ చూసిందో ఛాయకు తెలియదు. అది వేరే వాళ్ళ పని. జనాన్ని లెక్కపెట్టడం వరకే తన వంతు. ఆ లెక్కే మార్చేసింది. మూడు వందల్ని డెబ్భై చేసింది. సెక్టర్లలో క్వార్టర్లు ఖాళీ అయిపోతున్నాయనీ, ఉన్నవాళ్ళు సరుకులు ఫోన్లోనే తెప్పించుకుంటున్నారనీ, ఇక్కడ కొత్త వ్యాపారానికి అవకాశమే లేదనీ రాసింది. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ! కళ్ళు మూసుకుని పంపేసింది.

పది రోజులకు మేనేజర్ రమాకాంత్ ఫోన్ చేశాడు.

"ఛాయా, సుపేలా కేన్సిల్. నీ రిపోర్టు చూసి పెద్దవాళ్ళు వెనక్కి తగ్గారు. రేపు స్థలం అగ్రిమెంట్ మీద సంతకాలవ్వాలి, అవీ ఆపేశారు. రాయపూర్‌లో పెడుతున్నారు."

ఛాయకు కాళ్ళు నేల మీద ఆగలేదు. దారిలో దూద్‌పేడాల డబ్బా కొని, ఆటో దిగి పరుగులాంటి నడకతో కొట్టులోకి వచ్చింది.

"బాబాయ్, నోరు తీపి చేసుకోండి! సూపర్‌మార్కెట్ రావట్లేదు!"

గోపాలం చేతిలోని పొట్లం జారి పప్పు నేలంతా చిందింది.

"రావట్లేదా?"

"రాదు. ఇక మీ కొట్టుకు ఏ ఢోకా లేదు. ఎవరితోనూ అనకండి, నేనే తగ్గించి రాశాను. ఇక్కడ బేరాలే లేవని రాశాను!"

గోపాలం గల్లాపెట్టె పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. సంతోషం పట్టలేకపోతున్నాడేమో అనుకుంది ఛాయ. తీరా మొహం చూస్తే నెత్తురుచుక్క లేదు. మూల స్టూలు మీంచి అరుణకుమారి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"ఏమైంది బాబాయ్? నీళ్ళు ఇవ్వనా?"

"కంపెనీ మనిషివి కదా, నీకు తెలుసనుకున్నాను..." అన్నాడు గోపాలం.

"ఏంటి బాబాయ్, నాకు తెలిసేది?"

"వాళ్ళు కొనబోయింది ఈ కొట్టు జాగానే తల్లీ."