ఊ కొడుతూ ఉండు

సముద్రం మీదికి వంగిన కొండ అంచున మూరెడు వెడల్పు కాలిబాట అది. సముద్రం చూడ్డానికొచ్చి ఇద్దరూ చీకటి పడేదాకా ఉండిపోయారు. ఇప్పుడు టార్చి కూడా ఆరిపోయింది. లెక్కల మాస్టారు ముందు, ఆయన భార్య వెనక.

"నేను కథ చెబుతూ నడుస్తాను. నువ్వు ఊ కొడుతూ ఉండు. వెనకాలే ఉన్నావని తెలుస్తుంది," అన్నాడాయన.

రాజు వేటకెళ్ళాడు. ఊ. దారి తప్పాడు. ఊ. రాతిగోడ తడుముకుంటూ ఒక్కో అడుగూ వేస్తూ చెబుతున్నాడు. ఏ కథ చెప్పినా మధ్యలో నాలుగు ప్రశ్నలు వేసే ఆవిడ, ఇవాళ ఊ తప్ప ఇంకో మాట అనడం లేదు. ఈ దారిన రానంటే బలవంతాన లాక్కొచ్చాడు కదా, కోపమొచ్చి ఉంటుందిలే అనుకున్నాడు.

అప్పటిదాకా హోరుమంటున్న గాలి ఉన్నట్టుండి ఆగింది. అప్పుడు వినిపించింది, చాలా వెనక నుంచి, బాగా కింద నుంచి, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"ఏమండీ, ఆగండీ. రాజు వేటకెళ్ళాడన్నప్పుడే జారి పడ్డాను. కాలు కదలడం లేదు. నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి."

ఆమె దగ్గరికి వెళ్ళాలంటే వెనక్కే నడవాలి. ఇద్దరు పక్కపక్కన పట్టని బాట.

రాయిని గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"వస్తున్నానే," అని అరిచాడు.

చల్లటి ఊపిరి ముఖానికి తగిలేంత దగ్గర నుంచి జవాబు వచ్చింది.

"ఊ."