నిక్షేపంలా ఉంది బావా

రోజూ పొద్దున్నే ఎలక్ట్రిక్ షాపు షట్టరు ఎత్తగానే చిన్నసారు చేసే మొదటి పని, సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె ముందు కూర్చుని అందులోని హార్డ్ డిస్కు ఎప్పుడు చస్తుందా అని చూడటం.

ఆ డిస్కులకి తమ నాడి తామే పట్టి చూసుకునే గుణం ఉంటుంది. ఎంత వేడెక్కిందీ, లోపల ఎక్కడెక్కడ చెడిందీ అన్నీ రిపోర్టులా తెరమీద పెడతాయి. అది చూసి చెప్పడం చిన్నసారు డ్యూటీ. ఆ నెల మొదట్లో ఆకుపచ్చగా ఉండాల్సిన గడి పసుపు రంగుకి తిరిగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

రాదూ మరి! గోడౌన్ వెనక తలుపులోంచి రాగి వైరు చుట్టలు భుజాన వేసుకుని పోతున్న చిన్నసారు ఆ డిస్కులో నిలువునా ఉన్నాడు. వెనకవైపు కూడా కెమెరా పెట్టించారన్న సంగతి, పని కానిచ్చాక గానీ తెలియలేదు పాపం. నెలాఖరుకి సరుకు లెక్క చూస్తారు. చుట్టలు తగ్గాయంటే ఓనరు ముందు డిస్కే తిప్పుతాడు. తనే చెరిపేద్దామంటే పాస్‌వర్డు ఓనరు దగ్గరే ఉంది. ఆ ఓనరు ఎవరో కాదు, సొంత అక్క మొగుడు. ఉద్యోగం పోతే పోయింది, ఏ మొహం పెట్టుకుని అక్క గుమ్మం తొక్కడం?

డిస్కుకి జబ్బు చేసిందని చెబితే మెకానిక్కుని పిలిచి, పాత రికార్డింగంతా కొత్తదాంట్లోకి ఎక్కించేస్తారు. అందుకే నోరు మెదపలేదు.

"ఏరా, డిస్కు ఎలా ఉంది?" గల్లాపెట్టె దగ్గర్నుంచి బావ రోజూ అడిగేవాడు.

"గుండ్రాయిలా ఉంది బావా!"

గడి ఎర్రబడింది.

"ఇవాళ ఎలా ఉంది?"

"నిక్షేపంలా ఉంది బావా. మనందర్నీ సాగనంపి గానీ పోదు."

సరుకు లెక్క రేపనగా పెట్టెలోంచి టకటకమని చప్పుడొచ్చింది. తెర నల్లబడింది. చిన్నసారు గోడౌన్‌లోకెళ్లి తనివితీరా నవ్వుకుని, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఘోరం జరిగిపోయింది బావా. నిన్నటిదాకా రాయిలా ఉన్న డిస్కు ఉన్నపళంగా పోయింది. అందులోవన్నీ పోయాయి."

బావ తాపీగా కళ్లజోడు తుడుచుకుని, సొరుగులోంచి ఇంకో డిస్కు తీసి బల్లమీద పెట్టాడు.

"అన్నీ ముందే ఇందులోకి ఎక్కించాన్లే. నువ్వూ, నీ వైరు చుట్టలూ."

చిన్నసారు ఉన్నచోటే స్టూలు మీద కూలబడ్డాడు.

"నీ... నీకెలా తెలిసింది బావా?"

"ఆ రిపోర్టు రోజూ నా ఫోనుకీ వస్తుందిరా. అదేమో పోతున్నానంటుంది, నువ్వేమో గుండ్రాయంటావు. దీని చావు మీద వీడికెందుకింత ఆశ అని, మొదటిసారి కూర్చుని లోపల చూశాను."

"నిజం చెప్పినా దొరికేవాణ్ణేగా! ఎలాగూ కాపీ తీయించేవాడివి."

"పాత రికార్డింగు ఎవడిక్కావాలి? వైర్లు తగ్గితే, తక్కువ పంపాడని సరుకువాణ్ణి తిట్టుకుని ఊరుకునేవాణ్ణి," అని బావ కళ్లజోడు పెట్టుకున్నాడు. "పాడైందని నువ్వు మొదటి రోజే చెప్పుంటే, లోపలేముందో చూడకుండానే తీసి చెత్తలో పారేసేవాణ్ణి కదరా."