అరచేతి చాటు కార్డు

గుండెనొప్పితో వచ్చిన డెల్బర్ట్ చక్రాల కుర్చీ ఆస్పత్రిలో పేర్లు రాసుకునే నా బల్ల ముందే ఆగింది. "బీమా కొని తీరాలనడానికి సర్కారెవరు? జరిమానా కడదాం, బీమా మాత్రం కొనొద్దు" అని, ఆరోగ్య బీమా లేకుంటే జరిమానా అనే అమెరికా చట్టం వచ్చినప్పుడు మా కెంటకీ ఊళ్లన్నిటినీ ఊపేసిన మనిషి. ఆ మాటే టోపీల మీద అచ్చేయించుకున్న అతని జనం వెనకే నిలబడ్డారు.

"బీమా ఉందా?" అన్నాను.

అరచేతి చాటున కార్డు అందించాడు. "మెల్లగా, అమ్మాయ్."

కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, నేను గొంతు పెంచాను. "అబ్బో! పన్నెండేళ్ల నుంచి ఒక్క ఏడూ బీమా మానలేదే, డెల్బర్ట్ గారూ!"

వెనక ఒక్కొక్కరే టోపీలు తీసేశారు.

"నీకు నేనేం చేశానమ్మా?"

"మీ మాట విని మా ఆయన వర్నన్ బీమా మానేశాడు. ఇదే నొప్పి వస్తే, బిల్లుకు భయపడి ఇంట్లోనే పోయాడు."

కార్డు అతని జేబులో పెట్టాను.

"మీరు మాత్రం బతకాలి. బతికి, వీళ్ల మధ్యే తిరగాలి."