పుట్టకు అటూ ఇటూ

చెదల పుట్టకు ఇవతల యోతామ్ నక్కాడు. అవతల జెలీటా నక్కింది. మధ్యలో, మాటలు మోయడానికి, జెలీటా తమ్ముడు లాక్సన్ ఇరుక్కుని కూర్చున్నాడు.

పెళ్లి అయ్యేదాకా కాబోయే అత్త మొహం అల్లుడు చూడకూడదు. ఆమెతో నోరు విప్పి మాట్లాడకూడదు. ఈ ఆచారం పెట్టిన పెద్దలు, అత్తా అల్లుడూ కలిసి ఏటి ఒడ్డున పొదలో దాక్కునే రోజు వస్తుందని అనుకుని ఉండరు.

జెలీటాది కొండ మీది ఊరు. లువాంగ్వా ఏటి లోయలోకి దిగడం ఆమెకు ఇదే మొదలు. కూతురు తిసాలిరే, చేసుకుంటే ఈ యోతామ్‌నే చేసుకుంటానని భీష్మించుకు కూర్చుంది. చూడబోతే వాడికి చేను లేదు, మేకల్లేవు. పై ఊళ్ల జనాన్ని ఏటి దగ్గరికి తీసుకొచ్చి గుంపును చూపిస్తాడట. చూసినవాళ్లు కోడినో, కుంచెడు జొన్నలో ఇచ్చి పోతారట.

"చూపించి బతికేవాడి గురించి నేనెక్కడా వినలేదు. నా కళ్లతో చూస్తే పిల్లనిస్తా. లేదంటే నా గడప తొక్కొద్దని చెప్పు," అంది లాక్సన్‌తో.

యోతామ్ ఆకాశం కేసి చూశాడు. మబ్బులు కమ్ముతున్నాయి. తొలి వాన పడిందంటే గుంపు లోయ వదిలి వెళ్లిపోతుంది. మళ్లీ నేల ఎండేదాకా మచ్చుకైనా కనిపించదు. మొన్నా నిన్నా ఒక్కటీ ఏట్లోకి దిగలేదు. ఇవాళ దారిలో అడుగుజాడలు మాత్రం తాజాగా ఉన్నాయి.

వచ్చేటప్పుడే లాక్సన్ ద్వారా అన్నీ చెప్పించాడు. పొద్దు వాలగానే తాగడానికి వస్తాయి. ఒడ్డున తాగవు, మోకాటి లోతు నీళ్లలోకి దిగితే గానీ వాటికి తాగినట్టుండదు. ఉప్పు కనిపిస్తే వదలవు. ఎండకూ ఈగలకూ తట్టుకోలేక ఒంటికి తెల్లగా ఏదో పులుముకుంటాయి. ఇంతవరకూ జెలీటా ఎలాగో నమ్మింది. రాత్రిళ్లు చెట్టెక్కి పడుకుంటాయని చెప్పేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"అంతంత ఒళ్లేసుకుని చెట్టెక్కుతాయిరా? కోతలకైనా ఒక హద్దుండాలని చెప్పు వాడికి."

లాక్సన్ తల ఇటు తిప్పాడు. "హద్దుండాలట."

"అన్నీ ఎక్కవు మామా. మోకాళ్ల నొప్పులున్న ముసలివి కిందే పడుకుంటాయి," అన్నాడు యోతామ్, ఉన్నది ఉన్నట్టు.

లాక్సన్ తల అటు తిప్పాడు. పాపం అప్పటికే అతని మెడ పట్టేసింది.

తుపాకీ ఏదని ఆమె అడిగించింది. అక్కర్లేదని ఇతను చెప్పించాడు. చెయ్యి ఊపనంతవరకూ మన జోలికి రావు. ఊపామా, నేరుగా ఇటే వచ్చేస్తాయి. చంటిపిల్లల్ని మాత్రం తీసుకురాకూడదు, చూస్తే ఆగవు.

పొద్దు అవతలి ఒడ్డు చింతచెట్ల వెనక్కి జారింది. పుట్ట అవతల నుంచి ఆవలింత వినిపించింది. ఆ వెంటనే బుట్ట సర్దుకుంటున్న చప్పుడు. ఆమె లేచి వెళ్లిపోబోతోందని యోతామ్‌కు అర్థమైంది. తిసాలిరే మొహం కళ్ల ముందు మెదిలి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో గడ్డి కదిలింది.

ముందు పెద్ద మగది వచ్చింది. ఎండకు కమిలి ఒళ్లంతా ఎర్రమట్టి రంగు. వెనక రెండు ఆడవి, వాటిని ఆనుకుని ఒక పిల్ల. ఈగలు తోలుకుంటూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ తిన్నగా ఏట్లోకి దిగాయి. మోకాటి లోతుకు వెళ్లి చతికిలబడ్డాయి. పెద్దది ముందు ఉప్పు సంగతి చూసుకుంది. ఆ తర్వాత తాగడం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు.

జెలీటా నోరు తెరుచుకుపోయింది. అంతా చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆచారం గీచారం మరిచి, పుట్ట చుట్టూ తిరిగొచ్చి యోతామ్ మణికట్టు పట్టుకుంది. అతను గబుక్కున మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

"అల్లుడూ, పిల్ల నీదే," అంది. "పెళ్లికి మా ఊరంతా వస్తుంది. వీటిలో ఒక్కదాన్నైనా కొండెక్కించగలవా?"

"పెళ్లని తెలిస్తే చాలు, పిలవకపోయినా వస్తాయని చెప్పు మామా," అన్నాడు యోతామ్, పొదకేసి చూస్తూ.

ఏటి మధ్యన, నీళ్లలో వేసిన కుర్చీలో కూలబడ్డ పెద్ద మగది టోపీ తీసి ఉప్పు పల్లీల పొట్లంతో పాటు ఒళ్లో పెట్టుకుని, గ్లాసులో ఐసు చాలలేదని హోటల్ వాళ్ల మీద ఇంగ్లీషులో కేకలేసింది.