తొట్లకొండ మలుపు

ఉదయభాస్కర్ పోయి ఏడాది కావస్తున్నా, భీమిలి రోడ్డు స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో ఆయన సభ్యత్వం అలాగే ఉంది. యజమాని నడిపే తీరును కార్లే నేర్చుకునే రోజులొచ్చాక, కారు రోడ్డు మీద తిరుగుతున్నంతకాలం మనిషి పేరు కొట్టెయ్యకూడదని క్లబ్బువాళ్లు తీర్మానించుకున్నారు.

అందుకే ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన భార్య స్రవంతి ఆ ఎర్ర కారులో పక్క సీట్లో కూర్చునేది. డ్రైవరు సీట్లో ఎవరూ ఉండరు. స్టీరింగు దానంతటదే తిరుగుతుంటే భర్త చేతులు ఇంకా అక్కడే ఉన్నట్టుండేది. కారు ఆయనలాగే ముందు బండిని ఆనుకుని వెళ్లేది, ఆయనలాగే రెండుసార్లు హారన్ కొట్టి దాటేది. తొట్లకొండ మలుపు రాగానే ఆమె పాత అలవాటుగా డోర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకునేది.

ఆ ఆదివారం మలుపు దగ్గర కారు నెమ్మదించింది.

వెనక కారులో వస్తున్న క్లబ్బు ప్రెసిడెంటు ఫణీంద్ర గొంతు స్పీకర్లో వినిపించింది. "ఏటొదినా, అన్నయ్య ఇక్కడ స్లో చేసేడేటి? బండికేటైనా అయిందా?"

"బండి బానే ఉంది ఫణీ," అంది స్రవంతి. "పక్కనున్న నా భయం కూడా నేర్చేసుకున్నట్టుంది."

ఇరవై ఏళ్లు బతిమాలినా ఆ మలుపులో ఒక్కనాడూ వేగం తగ్గించని మనిషి ఆయన. ఆమె హ్యాండిల్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నాకేం భయం లేదండీ," అంది ఖాళీ సీటు వైపు తిరిగి. "మీ ఇష్టమొచ్చినట్టే పోనివ్వండి."

ఆమె గొంతు వణికింది. కారు ఇంకాస్త నెమ్మదించింది.