కుడి వైపు అంకెలు

రోజలిన్ హెల్మెట్ తియ్యకముందే వెండెల్ ఆమె చేతిలోంచి పరుగు టైములు అచ్చేసిన స్లిప్ లాక్కున్నాడు.

అతని వేలు నేరుగా అడుగు వరుస మీదికి పోయింది.

“పది పాయింట్ ఒకటి. మళ్ళీ అదే.”

“లైటు చూసి కదలడం ఆలస్యమైందేమో.”

“ఆలస్యం కాదు, నీకు భయం. ఇంజన్ బాగా అరిపించి క్లచ్ ఒక్కసారిగా వదలమంటే వదలవు.”

“వదిలితే వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతోంది.”

“చక్రం సంగతి నేను చూసుకుంటా. నువ్వు పట్టుకుని కూర్చో చాలు.”

రోజలిన్ గ్లవ్స్ తీసింది. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు లాగిన చేతులు. ఆదివారం నాటి ఈ పావు మైలు బైకు పందెం ఒక్కటే తనది. ఆ సంగతి మొగుడికీ తెలుసు.

“ఇవాళ పది సెకన్ల లోపు రాకపోతే వచ్చే సీజన్‌కి మా టెరెన్స్‌ని ఎక్కిస్తా. బక్కగా ఉంటాడు, నదురూ బెదురూ లేదు,” అన్నాడు వెండెల్.

టెరెన్స్ అతని తమ్ముడు. గడ్డం కింద హెల్మెట్ పట్టీ సరిగ్గా బిగించుకోవడం కూడా రాదు.

పాత బండి ఒకటి నెమ్మదిగా వచ్చి పక్కన ఆగింది. దాని మీది మనిషికి డెబ్భై దాటి ఉంటాయి. తోలు జాకెట్ భుజాల దగ్గర వదులైపోయింది. మధ్యాహ్నం నుంచి రోజలిన్ దిగిన ప్రతి పరుగులో పోటీగా పక్కన కుడి లేన్‌లో ఆయనే.

“పై వరుస వదిలెయ్ అమ్మాయ్,” అన్నాడు. “పచ్చ లైటు పడ్డాక నువ్వెంత సేపటికి కదిలావో చెబుతుందది. అసలు టైములో కలవదు. దాని కింద వరుస చూడు. మొదటి అరవై అడుగులు. నీ టైము అక్కడే పోతోంది.”

వెండెల్ నవ్వాడు. “ఏం పెద్దాయనా, మా ఆవిడ చేతిలో వరసగా ఓడిపోతూ ఆవిడకే పాఠమా?”

“ఓడిపోయాను, నిజమే.” ఆయన చూపు రోజలిన్ బండి మీదే ఉంది. “ఇది కేకలేస్తే వినదు. తక్కువలో పెట్టి...”

“మీ బండికి సగం దారిలోనే ఆయాసం వస్తోంది. ముందు దాన్ని చూసుకోండి.”

“మా ఇద్దరికీ వస్తోంది బాబూ,” అంటూ ఆయన బండిని నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

“పాపం, ఏదో చెప్పబోయారుగా. విననియ్యకూడదూ?” అంది రోజలిన్.

“ఇక్కడ చెప్పనివాడెవడు? ఆ పానా ఇలా అందుకో.”

వెనక పళ్ళచక్రం మార్చడానికి గంట పట్టింది. ఆ గంటా రోజలిన్ ట్రక్కు నీడలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలిచింది. తినాలనిపించలేదు.

మైకులో ఆఖరి పిలుపు వచ్చింది. వరసలో పెద్దాయన తన వెనకున్న ఇద్దరిని ముందు పొమ్మని సైగ చేసి, రోజలిన్ వచ్చేదాకా ఆగాడు.

“నీకోసమే కాచుకుని ఉన్నాడు చూడు, నీ వీరాభిమాని,” అన్నాడు వెండెల్. “ఈసారి గట్టిగా.”

రోజలిన్ గీత దగ్గర ఆగింది. ఎందుకో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పబుద్ధి కాలేదు. అరిపించీ అరిపించీ విసుగొచ్చింది. పక్కన పెద్దాయన బండి గొంతు తగ్గించి, కుక్కర్ కింద సన్న మంటలా సన్నగా మోగుతోంది. తన చెయ్యి కూడా ఆ మోతకే దిగింది. పోతే పోయింది అనుకుంది.

పచ్చ లైటు పడింది. క్లచ్ ఒక్కసారిగా కాక, నిద్రపోయే బిడ్డ తల కింది నుంచి చెయ్యి తీసినట్టు వదిలింది.

చక్రం తిరగలేదు. నేలని పట్టుకుంది. ఎవరో వెనక నుంచి నెట్టినట్టు బండి ముందుకు పోయింది.

తొమ్మిది పాయింట్ తొమ్మిది.

“చెప్పానా, పళ్ళచక్రంలో ఉంది మాయ,” అన్నాడు వెండెల్. స్లిప్ పట్టుకుని నలుగురికీ చూపించుకొచ్చాడు. “టెరెన్స్ సంగతి తర్వాత చూద్దాంలే.”

రోజలిన్ సరేనంది. వాదించే ఓపిక లేదు.

అతను బండిని ట్రక్కు ఎక్కించి తాళ్ళు కడుతుంటే, ఆమె రోజంతా వచ్చిన స్లిప్పులు ఒళ్ళో పెట్టుకుంది. పెద్దాయన చెప్పిన రెండో వరుస చూసింది. ఇంతకు ముందు ఒకటి పాయింట్ ఎనిమిది. ఆఖరి దాంట్లో ఒకటి పాయింట్ ఆరు. బాగుపడిందంతా అక్కడే. పళ్ళచక్రం మాయే అయితే మిగతా దారిలోనూ తేడా రావాలి. అక్కడ రాలేదు.

ఎడమ వైపు అంకెలు తనవి. కుడి వైపువి పక్క లేన్‌వి. అటు చూడటం ఎవరికీ అలవాటు లేదు, గెలిచినవాళ్ళకి అసలే లేదు.

చూసింది.

పెద్దాయన అరవై అడుగులు ప్రతిసారీ ఒకటి పాయింట్ ఆరు. ఆ తర్వాత వేగం లేదు, సైకిల్ మీద పోయినట్టు. బండికి ఆయాసం కాదు. అరవై అడుగులు చూపించి, ప్రతిసారీ ఆయనే ఆపేశాడు.

రోజలిన్ స్లిప్పులిచ్చే గది దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. లోపల స్లిప్పులిచ్చే మిస్ జెనీవా కిటికీ మూసేస్తోంది.

“కుడి లేన్‌లో పెద్దాయన ఏరీ?”

“అమోసా? వెళ్ళిపోయాడు తల్లీ. రేపు టెక్సస్‌లో కూతురి దగ్గరికి పోతున్నాడు. ఇక రాడు.”

“ఒక్కమాట చెప్పాలి ఆయనకి.”

“అసలు పొద్దున వచ్చింది మాకు చెప్పి పోదామనే. కంచె దగ్గర నిలబడి ఉండగా నీ బండి చప్పుడు వినపడింది. మాట మధ్యలో ఆపేసి ఇంటికెళ్ళి తన బండి తెచ్చుకున్నాడు.”

“నా బండి చప్పుడుకా? ఎందుకు?”

మిస్ జెనీవా కిటికీ మీద చెయ్యి అలాగే ఉంచి ఆమెని చూసింది.

“రంగు మార్చి అమ్మారు కాబట్టి నీకు తెలిసుండదు, అది వాళ్ళావిడ బండి తల్లీ, ఆవిడ పోయేదాకా ప్రతి ఆదివారం దాన్ని వెనక పట్టుకుని ఆ గీత మీద నిలబెట్టింది ఆయనే.”