ఎడమవైపు చూపు

“నా ప్రశ్న పూర్తయిందా?” అని అడిగింది అత్తయ్య.

“లేదు,” అన్నాడు మేనల్లుడు, తల వంచుకుని.

“మరి జవాబెక్కడి నుంచి ఊడిపడింది? ఆలు లేదు, చూలు లేదు...” అని సామెత అందుకుని, సగంలోనే ఆపి, గ్లాసెడు నీళ్లు తాగిందామె.

గొడుగుల కంపెనీకి అమ్మకాలు ఎందుకు పడిపోయాయన్నది ఆనాటి చిక్కు. వ్యాపార సంస్థలకు సలహాలు చెప్పే కొలువులకు ఇంటర్వ్యూ అంటే అంతే. ఒక కేసు చెబుతారు. ఎదుట కూర్చుని, ఆలోచన పైకి వినిపిస్తూ, దాన్ని విప్పాలి. అత్తయ్య అటువంటి కొలువులో ఇరవై ఆరేళ్లు ఉండి, వందలమందిని ప్రశ్నించి, విరమించిన మనిషి. ఆమె ముందు మొహమాటాలు చెల్లవు.

అతడి దురలవాట్లు మూడు. ప్రశ్న ముగియకుండానే జవాబులోకి దూకడం మొదటిది. ఏ కేసునైనా బట్టీ పట్టిన ఒకే చట్రంలో ఇరికించడం రెండోది. ఆ రెండూ నెలన్నరలో దారికి వచ్చాయి. మూడోదే జిడ్డులా పట్టుకుంది.

భాగహారం వచ్చిందంటే అతడు సగమే చేసేవాడు. శేషం తేలగానే పెన్సిలు ఆగేది. కాగితాన్ని బెత్తెడు ఎడమకు జరిపి, అటువైపున్న ఖాళీ కుర్చీకేసి చూసేవాడు. అది తనకు తెలియకుండానే జరిగిపోయేది. తెలిశాక సిగ్గు ముంచుకొచ్చేది. అలవాటు పాపం వంటిది. ఒప్పుకున్నంత తేలికగా వదలదు.

మొన్నటి ఇంటర్వ్యూలో కొంప ముంచిందీ అదే. శేషం దగ్గర ఆగి, ఎడమకు తిరిగి, అలాగే ఉండిపోయాడు. ఎదుటి పెద్దమనిషి కాసేపు చూసి ఫైలు మూసేశాడు. ఇక మిగిలింది ఒక్క కంపెనీ. సోమవారం పదింటికి పిలుపు. ఇదీ తప్పితే మరో ఏడాది దాకా ఏ తలుపూ తెరుచుకోదు.

“ఆ గదిలో నీ ఎడమపక్క గోడ ఉంటుందిరా అల్లుడూ,” అన్నదామె ఒకసారి. “గోడలు లెక్కలు చెయ్యవు.”

అతడు నవ్వాడు. నవ్వుతూనే మళ్లీ అటు చూశాడు.

“ఆ కుర్చీ తీసేద్దామా, అత్తయ్యా?”

“తీస్తే కుర్చీ పోతుంది. అలవాటు పోదు.”

అప్పటినుంచి అతడి మెడ తిరిగినప్పుడల్లా ఆమె పెన్సిలుతో బల్లమీద ఒక దెబ్బ కొట్టేది. మొదటి వారం పూటకు పదిహేను దెబ్బలు. తరువాత ఆరు. తరువాత రెండు. దెబ్బలు తగ్గేకొద్దీ అతడికి ధైర్యం రావలసింది పోయి, ఎందుకో గుండె బరువెక్కేది. ఆమె గొంతు కూడా అంతకంతకూ సన్నగిల్లేది.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి కేసు. కళ్లజోళ్ల కంపెనీ. తొమ్మిది లక్షల ముప్పై ఆరు వేల జోళ్లు, ఇరవై నాలుగు దుకాణాలు. ఒక్కో దుకాణానికి ఎన్ని?

అతడు ప్రశ్న చివరిదాకా విన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తొంభై మూడులో ఇరవై నాలుగు మూడుసార్లు. శేషం ఇరవై ఒకటి. కాగితం కదలలేదు. ఆరు దింపాడు. రెండువందల పదహారులో తొమ్మిదిసార్లు.

“ముప్పై తొమ్మిది వేలు,” అని తల ఎత్తాడు.

అత్తయ్య అతడిని చూడటం లేదు. ఆమె కళ్లు ఎడమవైపు కుర్చీమీద ఉన్నాయి.

“సరిగ్గా వచ్చింది,” అన్నది. “ఇక నువ్వు రానక్కర్లేదు.”

“రేపు అయిపోగానే వస్తాను, అత్తయ్యా.”

“వద్దురా. ఇక్కడ కూర్చుంటే మళ్లీ అలవాటవుతుంది.”

అతడు చెప్పులు వేసుకున్నాడు. గడప దగ్గర ఆగాడు. వెనక్కి తిరగబోయి, మెడను బిగబట్టుకుని మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు అణిగాక, ఇక అటు చూసేవాళ్లెవరూ మిగలలేదు గనుక ఆమె మెల్లగా బల్ల కిందికి నెట్టేసిన ఆ కుర్చీ, నిరుడు చనిపోయేదాకా పక్కన కూర్చుని ఈ మేనల్లుడి సగం లెక్కలు అందుకుని పూర్తిచేసిన ఆమె ఒక్కగానొక్క కొడుకుది.